4,76,344 ఓట్లతో ఓటమి, 4,36,906 ఓట్లతో గెలుపు: విశాఖ పార్లమెంటు సీటు లెక్కలు

2014లో విశాఖపట్నం పార్లమెంటు స్థానంలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి వై.ఎస్. విజయమ్మకు 4,76,344 ఓట్లు పడ్డాయి. బీజేపీ అభ్యర్థి కంభంపాటి హరిబాబు చేతిలో 90,488 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2019లో అదే పార్టీ నుంచి నిలబడిన ఎం.వి.వి. సత్యనారాయణకు 4,36,906 పడ్డాయి. దాదాపు నలభై వేలు తగ్గినా ఆయన గెలిచారు. 2024లో బొత్స ఝాన్సీలక్ష్మికి 4,03,220 పడ్డాయి. ఈసారి ఓటమి 5,04,247 ఓట్ల తేడాతో. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోని 25 పార్లమెంటు సీట్లలో ఇదే అతి పెద్ద మెజారిటీ.

ఒకే పార్టీకి మూడుసార్లూ నాలుగు లక్షల పైచిలుకే వచ్చాయి. ఒకసారి ఓటమి, ఒకసారి గెలుపు, ఒకసారి చిత్తుగా ఓటమి. ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెడితే విశాఖ సీటు గురించి రచ్చబండ మీద వినిపించే మాటలు చాలావరకు నిలబడవు. 2009 నుంచి ఇక్కడ ఎక్కువసార్లు ఫలితాన్ని తేల్చింది గెలిచినవాళ్లకు ఎన్ని పడ్డాయన్నది కాదు, గెలవనివాళ్ల ఓటు ఎన్ని ముక్కలైందన్నది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు హద్దులు తెలియాలి.

ఏ విశాఖ?

ఇప్పుడున్న విశాఖపట్నం లోక్‌సభ నియోజకవర్గంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లున్నాయి. నగరంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు. ఉక్కు కర్మాగారం వైపు గాజువాక. తీరం వెంట ఉత్తరాన భీమిలి. లోపలికి పోతే శృంగవరపుకోట. ఈ పటం 2009 ఎన్నికలతో మొదలైంది. అంతకు ముందు నగరానికి విశాఖపట్నం-1, విశాఖపట్నం-2 అని రెండే సీట్లుండేవి. గాజువాక అప్పట్లో పెందుర్తి అసెంబ్లీలో భాగం. ఆ పెందుర్తి ఇప్పుడు అనకాపల్లి పార్లమెంటు కిందికి పోయింది. శృంగవరపుకోట 2004 ఎన్నికల దాకా ఎస్టీ రిజర్వుడు సీటు. అరకు ఎస్టీ అసెంబ్లీ సీటు కొత్తగా ఏర్పడ్డాక 2009 నుంచి ఎస్.కోట జనరల్ అయింది.

అందుకని 2004 మెజారిటీని 2009 మెజారిటీతో పోల్చి ‘ఇంత తగ్గింది’, ‘ఇంత పెరిగింది’ అనడం కుదరదు. పేరు ఒకటే అయినా ఓటర్లు వేరు, ఊళ్లు వేరు. పత్రికల్లో వచ్చే పాత పట్టికల్లో ఈ గీత కనిపించదు. పట్టిక చేతికి రాగానే 2004కూ 2009కీ మధ్య మనమే ఒక గీత గీసుకోవడం మంచిది.

జిల్లా విషయంలోనూ తికమక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పార్లమెంటు నియోజకవర్గమే కొత్త జిల్లాకు ప్రాతిపదిక అన్నారు. కానీ ఎస్.కోట విజయనగరం జిల్లాలోనే ఉండిపోయింది. పెందుర్తి మండలం విశాఖ జిల్లాలోకి వచ్చింది, ఆ మండలం ఓట్లు మాత్రం అనకాపల్లి ఎంపీకి పడతాయి. కాబట్టి ‘విశాఖ జిల్లా పోలింగ్ శాతం’ అన్నదీ, ‘విశాఖ పార్లమెంటు పోలింగ్ శాతం’ అన్నదీ ఒకటి కావు. పోలింగ్ రోజు సాయంత్రం టీవీల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి.

సెగ్మెంట్ల బరువు కూడా సమానం కాదు. 2024 నాటికి నియోజకవర్గం మొత్తం ఓటర్లు 19 లక్షలు దాటారు. భీమిలి, గాజువాక ఒక్కొక్కటీ మూడు లక్షలు మించాయి. దక్షిణం, పడమర సీట్లు రెండు లక్షల పైన మాత్రమే ఉన్నాయి. మధురవాడ వైపు కట్టిన ప్రతి అపార్ట్‌మెంటూ భీమిలి జాబితాను పెంచుతోంది. పాత నగరంలో ఇళ్లు పెరిగే చోటు లేదు. ‘నగరంలో నాలుగు సీట్లు మావే’ అని చెప్పుకునే పార్టీ ఎంపీ సీటు విషయంలో ఎందుకు తప్పులో కాలేస్తుందో ఇందులోనే సగం జవాబు ఉంది.

కాంగ్రెస్‌కు ఎదురు తిరిగిన తొలి రోజులు

1952లో విశాఖపట్నం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు జనరల్, ఒకటి గిరిజనులకు. గెలిచిన ఇద్దరూ ఇండిపెండెంట్లే: డాక్టర్ లంకా సుందరం, గాం మల్లుదొర. మల్లుదొర అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడి అండమాన్ జైలు చూసినవారు, గాం గంటందొరకు తమ్ముడు. మన్యం తిరుగుబాటు ముగిసిన మూడు దశాబ్దాలకు ఆ పోరాటయోధుడు ఓటు ద్వారా ఢిల్లీ వెళ్లడం ఈ సీటు చరిత్రలో తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన ఘట్టం. నేటి పట్టికల్లో ఆయన పేరు ఒక వరసలో నలిగిపోయి ఉంటుంది.

ఆ ఎన్నికల పట్టిక చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఇద్దరు సభ్యుల సీటులో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉండేవి. రెండూ ఒకరికే వేయకూడదు. అభ్యర్థికో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించేవారు. ఓటరు తన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేయాలి. ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇచ్చి, మిగిలినవారందరిలో మొదట నిలిచినవారికి రెండోది ఇచ్చేవారు. పడిన ఓట్లను ఓటర్ల సంఖ్యతో నేరుగా భాగిస్తే పోలింగ్ శాతం అసాధ్యమైన అంకెగా తేలుతుంది. ముందు ఓటర్ల సంఖ్యను రెట్టింపు చేసుకుని అప్పుడు భాగించాలి. ఇద్దరు సభ్యుల పద్ధతి 1961లో చట్టంతో రద్దయింది.

1957లో సోషలిస్టుగా విజయనగరం పూసపాటి వంశానికి చెందిన పి.వి.జి. రాజు గెలిచారు. 1962లో ఆయన పినతండ్రి, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయిన విజ్జీ, కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఇక 1967 వేరే కథ.

1966 చివర్లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదం రాష్ట్రమంతా మార్మోగింది. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమానికి ముందు నిలిచినవారిలో తెన్నేటి విశ్వనాథం ఒకరు. కొన్ని నెలలకే వచ్చిన లోక్‌సభ ఎన్నికల్లో ఆయన ఇండిపెండెంటుగా విశాఖ నుంచి గెలిచారు. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కుకు సాయంత్రం షికారుకు వెళ్లే పిల్లలకు ఆ పేరు వెనకున్న ఎన్నిక గురించి చెప్పాల్సిన బాధ్యత పెద్దలది.

మొదటి నాలుగు ఎన్నికల్లో మూడుసార్లు ఈ సీటు కాంగ్రెస్‌ను కాదంది. కాంగ్రెస్‌కు తిరుగులేదనుకున్న కాలంలో జరిగిన సంగతి ఇది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఉక్కు కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ మార్చిలోనే జరిగిన ఎన్నికల్లో పి.వి.జి. రాజు ఈసారి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. శంకుస్థాపనకూ పోలింగుకూ మధ్య ఎన్ని వారాలో లెక్కపెడితే చాలు.

గాలితో నడిచిన దశాబ్దాలు

1971 నుంచి ఈ సీటు తీరు మారిపోయింది. రాష్ట్రంలో ఎవరికి ఎక్కువ పార్లమెంటు సీట్లు వస్తే విశాఖ కూడా వాళ్లకే. 1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో కాంగ్రెస్‌కు 41 వచ్చాయి, ఇక్కడ ద్రోణంరాజు సత్యనారాయణ గెలిచారు. 1980లో మళ్లీ 41, ఇక్కడ కొమ్మూరు అప్పలస్వామి. 1984లో దేశమంతా కాంగ్రెస్ ఊపు ఉంటే ఇక్కడ తెలుగుదేశానికి 30 వచ్చాయి, విశాఖలో భాట్టం శ్రీరామమూర్తి. 1989లో ఉమా గజపతిరాజు, కాంగ్రెస్. 1996, 1998ల్లో టి. సుబ్బరామిరెడ్డి, కాంగ్రెస్. 1999లో ఎం.వి.వి.ఎస్. మూర్తి, తెలుగుదేశం. 2004లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, 2009లో దగ్గుబాటి పురందేశ్వరి, ఇద్దరూ కాంగ్రెస్. 2014లో తెలుగుదేశంతో పొత్తులో ఉన్న బీజేపీ, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో తెలుగుదేశం.

ఈ యాభై ఏళ్లకు పైబడిన వరసలో ఎదురీదిన ఏడాది ఒకటే, 1991. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 25, తెలుగుదేశానికి 13 వచ్చిన ఆ ఎన్నికల్లో విశాఖ మూర్తిని గెలిపించింది. గీతం విద్యాసంస్థలు పెట్టిన మూర్తి అప్పటికే నగరంలో ఇంటింటికీ తెలిసిన పేరు. ఇప్పటి ఎంపీ మతుకుమిల్లి శ్రీభరత్ ఆయన మనవడే.

వరుసగా రెండుసార్లు గెలిచిన సుబ్బరామిరెడ్డి ఈ కాలంలో ఒక్కరే. అదీ 1996 లోక్‌సభ రెండేళ్లు కూడా నిలవకుండా రద్దవడంతో దొరికిన రెండోసారి. 1999 నుంచి ప్రతి ఎన్నికకూ ఎంపీ మారుతున్నారు. పెద్ద ప్రాజెక్టుల కోసం ఢిల్లీ చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సిన నగరానికి ఇది నష్టమే. ఒక ఎంపీ ఫైలు కదిలించేసరికి ఇంకొకరు ప్రమాణం చేస్తున్నారు.

‘స్థానికేతరులు’ అన్న వాదన ప్రతిసారీ వస్తుంది. ఓట్లలో దాని ప్రభావం పెద్దగా కనబడదు. సుబ్బరామిరెడ్డి, జనార్దనరెడ్డి నెల్లూరు వాళ్లు. జనార్దనరెడ్డి అంతకు ముందు బాపట్ల, నరసరావుపేటల నుంచి ఎంపీ. పురందేశ్వరి బాపట్ల నుంచి వచ్చారు. అందరూ ఇక్కడ గెలిచారు. పోర్టు, షిప్‌యార్డు, నేవీ, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, స్టీల్‌ప్లాంట్ కోసం అన్ని జిల్లాల నుంచీ జనం వచ్చి స్థిరపడిన ఊరు ఇది. ‘మీదే ఊరు’ అని అడిగితే గాజువాకలో సగం వీధి ఇంకో జిల్లా పేరు చెబుతుంది.

మూడు ముక్కల ఎన్నికలు

2009లో ప్రజారాజ్యం వచ్చింది. పురందేశ్వరి 3,68,812 ఓట్లతో గెలిచారు. ప్రజారాజ్యం నుంచి పల్లా శ్రీనివాసరావుకు, తెలుగుదేశం నుంచి మూర్తికి ఒక్కొక్కరికీ మూడు లక్షల చుట్టుపక్కల పడ్డాయి. ఆమెకు పడనివి ఆమెకు పడినవాటి కంటే చాలా ఎక్కువ, కానీ అవి దాదాపు సమానంగా రెండు చోట్లకు చీలాయి. అసెంబ్లీ సీట్లలోనూ అంతే. ఏడింట కాంగ్రెస్‌కు మూడు, ప్రజారాజ్యానికి రెండు, తెలుగుదేశానికి రెండు. విశాఖ దక్షిణంలో ద్రోణంరాజు శ్రీనివాసరావు ప్రజారాజ్యం మీద 341 ఓట్లతో బయటపడ్డారు.

పదేళ్ల తర్వాత జనసేనతో అదే లెక్క తిరిగి వచ్చింది, ఈసారి ఇంకా పదునుగా. ఎం.వి.వి. సత్యనారాయణకు 4,36,906. తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్‌కు 4,32,492. తేడా 4,414. మూడో స్థానంలో జనసేన అభ్యర్థి, సీబీఐ మాజీ జాయింట్ డైరెక్టర్ వి.వి. లక్ష్మీనారాయణకు 2,88,874. బీజేపీ నుంచి తిరిగి పోటీ చేసిన పురందేశ్వరికి దాదాపు 34 వేలు.

అదే రోజు, అదే పోలింగ్ బూతుల్లో పడిన అసెంబ్లీ ఓట్లు చూడండి. నగరంలోని నాలుగు సీట్లూ తెలుగుదేశానివే: తూర్పున వెలగపూడి రామకృష్ణబాబు, పడమర గణబాబు, ఉత్తరాన గంటా శ్రీనివాసరావు, దక్షిణాన వాసుపల్లి గణేష్‌కుమార్. చుట్టూ ఉన్న గాజువాక, భీమిలి, ఎస్.కోట వైఎస్సార్ కాంగ్రెస్‌వి. ఏడింట నాలుగు గెలిచిన పార్టీ ఎంపీ సీటు పోగొట్టుకుంది. కారణం రెండు ఓట్లూ ఒకే పార్టీకి పడకపోవడం. తెలుగు ఓటరు దీన్ని క్రాస్ ఓటింగ్ అంటాడు. ఎమ్మెల్యేగా తెలిసిన మనిషికి వేసి, ఎంపీగా ‘జేడీ గారికి’, అంటే లక్ష్మీనారాయణకు, వేసినవాళ్లు నగరంలో గట్టిగా కనిపించారు. ఆ ఓటు ఎక్కువగా ఎవరి ఖాతాలోంచి పోయిందో 4,414 చెబుతోంది.

గాజువాకను ఒక్కదాన్నే తీసుకుంటే ఈ చీలిక ఇంకా స్పష్టం. 2019లో తిప్పల నాగిరెడ్డి పవన్ కల్యాణ్‌ను 16,753 ఓట్లతో ఓడించారు. మూడో స్థానంలో ఉన్న తెలుగుదేశం అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు 56 వేల పైచిలుకు వచ్చాయి, పవన్ కల్యాణ్‌కు వచ్చినవాటికి చాలా దగ్గర. 2024లో ఆ రెండు ఓట్లూ ఒకే గుర్తు కిందికి వచ్చాయి. అదే పల్లా 95,235 మెజారిటీతో గెలిచారు. రాష్ట్రంలోని అసెంబ్లీ సీట్లన్నిటిలో అదే పెద్ద మెజారిటీ.

అయితే 2024ను పొత్తు లెక్కతోనే పూర్తిగా వివరించలేం. 2019లో తెలుగుదేశం, జనసేన, బీజేపీలకు విడివిడిగా వచ్చిన ఓట్లు కూడితే 7.55 లక్షలు. 2024లో శ్రీభరత్‌కు 9,07,467. కూడిక కంటే లక్షన్నర ఎక్కువ. వైఎస్సార్ కాంగ్రెస్‌కు తగ్గినవి 33,686 మాత్రమే. మిగతావి కొత్త ఓటర్ల నుంచి, వేరే పార్టీలకూ స్వతంత్రులకూ పోయిన ఓట్ల నుంచి, ఈసారి బూతుకు వచ్చినవాళ్ల నుంచి వచ్చి ఉండాలి. విశాఖను పరిపాలనా రాజధాని చేస్తామన్న హామీ, 2021 జనవరిలో కేంద్రం ప్రకటించిన ఉక్కు పెట్టుబడుల ఉపసంహరణ, రెండూ ఆ అయిదేళ్లలో ఇక్కడ ఎడతెగకుండా చర్చ జరిగిన అంశాలు. రాజధాని హామీ ఉన్న నగరంలోనే అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ ఏడు సెగ్మెంట్లూ కోల్పోయిందన్నది మాత్రం కళ్ల ముందున్న నిజం. 2021 మార్చిలో అదే పార్టీ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో 98 వార్డులకు 58 గెలిచిందన్నదీ నిజమే. వార్డు ఎన్నికను పట్టుకుని ఎంపీ ఎన్నికను ఊహించేవాళ్లు ఈ రెండింటినీ కలిపి చూడాలి.

మీరే లెక్క తీయాలంటే

సెగ్మెంటు వారీగా, బూతు వారీగా ఓట్లు తెలుసుకోవడానికి ఉన్న అసలు పత్రం ఫారం 20. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. ఒక అసెంబ్లీ సెగ్మెంటుకు రెండు ఫారాలుంటాయి, ఎమ్మెల్యే ఓట్లది ఒకటి, ఎంపీ ఓట్లది ఒకటి. ఏది తెరిచారో ముందు చూసుకోండి. పైన అభ్యర్థుల పేర్లు చూస్తే తెలిసిపోతుంది. పోలింగ్ బూతులోనూ ఇదే తేడా: ఎంపీ యంత్రం మీద బ్యాలెట్ కాగితం తెలుపు, ఎమ్మెల్యేది గులాబీ రంగు.

క్రాస్ ఓటింగ్ కొలవాలంటే ఒకే బూతుకు రెండు ఫారాల్లోనూ ఒక పార్టీ వరస పక్కపక్కన పెట్టండి. ఎమ్మెల్యే ఓట్లలోంచి ఎంపీ ఓట్లు తీసేయండి. వచ్చేది నికర తేడా మాత్రమే. ఒక బూతులో వంద మంది అటు పోయి, తొంభై మంది ఇటు వస్తే ఫారంలో కనిపించేది పదే. కాబట్టి అది క్రాస్ ఓటింగుకు కనీస అంకె.

ఎక్కువమంది దెబ్బతినేది బూతు నంబర్ల దగ్గర. 2019లో 112వ బూతు 2024లో 112వ బూతు కానక్కర్లేదు. అప్పట్లో ఒక బూతుకు 1,500 ఓటర్లు దాటితే దాన్ని విడగొట్టేవారు, ఆ తర్వాతి నంబర్లన్నీ జరిగిపోయేవి. భీమిలి, గాజువాక లాంటి పెరిగే సెగ్మెంట్లలో ఇది మరీ ఎక్కువ. 2025లో ఎన్నికల సంఘం ఈ పరిమితిని 1,200కు తగ్గించింది కాబట్టి వచ్చే ఎన్నికలకు నంబర్లు ఇంకా మారతాయి. నంబరుతో కాకుండా పోలింగ్ కేంద్రాల జాబితాలో ఉండే స్కూలు పేరు, గది, వీధుల వివరం పట్టుకుని జత చేయాలి. రెండుగా చీలిన బూతుల్ని కూడి పాతదానితో పోల్చాలి.

పోస్టల్ బ్యాలెట్లు బూతు వరసల్లో ఉండవు, చివర్లో విడిగా కలుస్తాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ‘నేవీ ఓట్లన్నీ పోస్టల్‌లోనే’ అనుకుంటారు. అది పొరపాటు. సర్వీసు ఓటరు తన సొంత ఊరి జాబితాలో ఉంటే ఆ పోస్టల్ ఓటు ఆ ఊరికే పోతుంది. కుటుంబంతో ఇక్కడ ఉంటూ సాధారణ ఓటరుగా నమోదైనవాళ్లు ఇక్కడి బూతులోనే మామూలుగా ఓటేస్తారు.

శాతాలు తీసేటప్పుడు దేనితో భాగిస్తున్నారో రాసి పెట్టుకోండి. మొత్తం ఓటర్లతోనా, పోలైన ఓట్లతోనా, నోటా కలిపా, తీసేసా? 4,414 తేడాతో తేలిన సీటులో ఈ చిన్న తేడాలే రెండు విశ్లేషణల్ని పూర్తిగా వేరు చేస్తాయి. కౌంటింగ్ రోజు రౌండ్లను కూడా ఇలాగే చదవాలి. సాధారణంగా సెగ్మెంటుకు 14 టేబుళ్లు వేసి, బూతు నంబర్ల వరసలో 14 యంత్రాల చొప్పున లెక్కిస్తారు. మొదటి రౌండ్లలో కనిపించే ఆధిక్యం సెగ్మెంటులో ఒక మూలదే. ఎంపీ ఓట్లకు సెగ్మెంటుకు అయిదు చొప్పున 35 వీవీప్యాట్ల (ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపే యంత్రాల) స్లిప్పులు చివర్లో సరిచూస్తారు. అధికారిక ప్రకటన ఆలస్యమయ్యేది చాలావరకు అందుకే.

2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా రాష్ట్రాలవారీ లోక్‌సభ సీట్ల సంఖ్యను రాజ్యాంగం ఆపి ఉంచింది. ఆ లెక్కలు వచ్చాక హద్దులు మళ్లీ గీస్తే భీమిలి, గాజువాక ఇప్పుడున్న రూపంలో మిగలడం కష్టం. 2009కి ముందు జరిగినట్టే పోలికలన్నీ తెగిపోతాయి. అందుకే ఏడు సెగ్మెంట్ల 2009, 2014, 2019, 2024 ఫారం 20లను, వాటితోపాటు ఆయా ఏళ్ల పోలింగ్ కేంద్రాల జాబితాలను ఇప్పుడే దించుకుని దాచుకోవాలి. ఫారాలు ఉండి జాబితాలు లేకపోతే 112వ బూతు ఏ వీధిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.